దూరం నుంచి కంప్యూటర్‌ను చూసేటప్పుడు ఏ రీడింగ్‌ను ఎంత నమ్మాలి?

తిరుపతిలో కూర్చుని లాడ్జీ రిసెప్షన్లు, స్కానింగ్ సెంటర్లు, ట్యూషన్ ల్యాబులు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, పలమనేరు వైపు పాల కేంద్రాలు... ఇలా ఎక్కడెక్కడివో కంప్యూటర్లను రిమోట్‌లో చూసుకునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. వెళ్లి రావాలంటే ఒక పూట పోతుంది. అందుకే ముందు స్క్రీన్ మీది అంకెలు చూసి నిర్ణయానికి వస్తాం: ర్యామ్ వేయాలా, డిస్క్ మార్చాలా, నెట్ వాళ్లతో గొడవ పెట్టుకోవాలా అని. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అంకె తప్పు చెప్పదు, కానీ చాలాసార్లు మనం అడగని ప్రశ్నకు జవాబు చెబుతుంది.

ఏ రీడింగ్ కనబడినా మూడు సంగతులు తేల్చుకోండి. ఇది ఎంతసేపటి సగటు? దేనిలో శాతం? కొలిచింది ఎవరు, ఎక్కడి నుంచి? కింద రాసిందంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. చిన్న ఆఫీసుల్లో ఉండేది ఎక్కువగా విండోసే కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను. లినక్స్ సర్వర్ ఉన్నవాళ్లకు తర్వాత కొంచెం ఉంది.

1. కనెక్ట్ అయ్యే ముందు ఫోన్‌లో అడగండి

"సిస్టం స్లో సార్" అన్న మాటతో ఏమీ తేలదు. మౌస్ కూడా కదలడం లేదా, ఒక్క బిల్లింగ్ సాఫ్ట్‌వేరే ఆగుతోందా, ప్రింట్ ఆలస్యమా, వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదా? సరిగ్గా ఎన్ని గంటలకు మొదలైంది? పక్క సిస్టంలో అదే పని చేస్తే ఎలా ఉంది? జవాబులు కాగితం మీద రాసుకున్నాకే రిమోట్ తెరవండి. గ్రాఫులు చూడటం మొదలుపెడితే మనసు గ్రాఫు చెప్పే కథ వెంటే పోతుంది. అసలు ఫిర్యాదు ఏమిటో ఆ కాగితమే గుర్తుచేయాలి.

అవతలివాళ్లు టాస్క్ మేనేజర్ (ఏ ప్రోగ్రాం ఎంత వాడుతోందో చూపే విండోస్ పనిముట్టు) తెరిచి చదివి చెప్పే అంకెలతో కొంచెం జాగ్రత్త. "ఏందో సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ అంట సార్, 96 తింటా ఉండాది, తీసేయమంటారా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది ప్రాసెసర్ ఖాళీగా ఉన్న సమయం. 96 అని ఉంటే పని జరుగుతున్నది 4 శాతమే. సిస్టమ్ ఇంటరప్ట్స్ అనే వరుస మాత్రం వేరు, పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచినప్పుడు పోయే సమయం అది. మామూలుగా అది సున్నా దగ్గరే ఉంటుంది. పది, ఇరవై చూపిస్తూ అక్కడే నిలబడితే ఏదో డ్రైవర్‌నో, పాడైన యూఎస్‌బీ పరికరాన్నో అనుమానించాలి.

ఇంకొకటి, అప్ టైమ్. రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేసే పోతున్నాం అంటారు వాళ్లు. టాస్క్ మేనేజర్ చూస్తే 23 రోజుల నుంచి ఆన్‌లో ఉన్నట్టు చూపిస్తుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆగదు, డిస్క్ మీద భద్రపరుచుకుని మరుసటి రోజు అక్కడి నుంచే లేస్తుంది. అప్ టైమ్ లెక్క కూడా అక్కడి నుంచే కొనసాగుతుంది. పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టమని చెప్పండి. వాళ్లు అబద్ధం ఆడుతున్నారని అనుకుని మాట జారకండి.

2. మీరు లోపలికి వెళ్లడమే ఒక లోడ్

రిమోట్ సాఫ్ట్‌వేర్ ఏదైనా చేసే పని ఒకటే. అవతలి స్క్రీన్‌ను పట్టుకుని, కుదించి, నెట్ మీదుగా మీకు పంపాలి. పాత డ్యుయల్ కోర్ సిస్టంలో ఆ పనికే ప్రాసెసర్‌లో కనబడేంత వాటా పోతుంది. దానికితోడు టాస్క్ మేనేజర్ తెరుచుకునేటప్పుడు అదే కొన్ని సెకన్లు గ్రాఫును పైకి లేపుతుంది. కాబట్టి కనెక్ట్ అయిన మొదటి రెండు నిమిషాల అంకెలను లెక్కలోకి తీసుకోవద్దు. రిమోట్ సాఫ్ట్‌వేర్‌లో క్వాలిటీ తగ్గించి, వాల్‌పేపర్ ఆఫ్ చేసి, మౌస్ కదపకుండా చూడండి.

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగేది ఇంకా ఇబ్బంది పెడుతుంది. విండోస్ ఆటోమేటిక్ మెయింటెనెన్స్ మామూలుగా రాత్రి 2 గంటలకు పెట్టి ఉంటుంది. మన ఆఫీసుల్లో ఆ టైముకు మెయిన్ స్విచ్చే ఆపేసి ఉంటారు. దాంతో ఆ పనంతా పగటిపూట సిస్టం ఖాళీగా దొరికినప్పుడు మొదలవుతుంది, ఎవరైనా మౌస్ ముట్టుకోగానే ఆగుతుంది. భోజనం చేసి వచ్చిన మనిషికి డిస్క్ లైట్ వెలుగుతూ, మొదటి క్లిక్కు ఆలస్యంగా పడుతూ కనిపిస్తుంది. మీకు ఫోన్ చేస్తారు. మీరు కనెక్ట్ అయి మౌస్ కదిపేసరికి అంతా ప్రశాంతం. "ఇప్పుడు బాగానే ఉందే" అంటారు మీరు. నిజానికి ఇద్దరూ చూసింది వేర్వేరు నిమిషాలు.

దీనికి మందు ఒకటే: చూడటం మానేసి రికార్డు చేయడం. విండోస్‌లోనే ఉన్న పెర్ఫార్మెన్స్ మానిటర్ తెరిచి డేటా కలెక్టర్ సెట్స్ కింద యూజర్ డిఫైన్డ్‌లో కొత్తది తయారు చేయండి. శాంపిల్ 5 సెకన్లకు ఒకసారి. ఫైల్ సైజుకు హద్దు పెట్టి, నిండాక పాతదాని మీదే రాసేలా సర్క్యులర్ పెట్టండి, లేకుంటే కొన్నాళ్లకు ఆ లాగ్ ఫైలే డిస్క్‌ను నింపుతుంది. కౌంటర్లు పది లోపు చాలు: ప్రాసెసర్ టైమ్, ప్రాసెసర్ పెర్ఫార్మెన్స్, అందుబాటులో ఉన్న మెమరీ, కమిటెడ్ శాతం, డిస్క్ ఒక్కో ట్రాన్స్‌ఫర్‌కు తీసుకునే సగటు సమయం, డిస్క్ క్యూ, నెట్‌వర్క్ కార్డ్ మొత్తం బైట్లు, ఫిర్యాదు వచ్చిన సాఫ్ట్‌వేర్ ఒక్కదాని ప్రాసెసర్ టైమ్. పొద్దున నడిపి, మరునాడు ఫైల్ తెచ్చుకుని మీ సిస్టంలో తెరిచి చూడండి. పవర్‌షెల్ అలవాటున్నవాళ్లు గెట్-కౌంటర్ కమాండ్‌తో స్క్రీన్ తెరవకుండానే ఇవే అంకెలు తెప్పించుకోవచ్చు.

మానిటరింగ్ ఏజెంట్ (సిస్టంలో ఉండి అంకెలు సేకరించి పంపే చిన్న ప్రోగ్రాం) కూడా అమాయకురాలేం కాదు. ప్రాసెస్ లిస్టులో డబ్ల్యూఎంఐ ప్రొవైడర్ హోస్ట్ (సిస్టం వివరాలు అడిగిన ప్రోగ్రాములకు జవాబు చెప్పే విండోస్ భాగం) ఎప్పుడూ పైనే కనిపిస్తుంటే, ఎవరో దాన్ని క్షణం క్షణం ప్రశ్నలు అడుగుతున్నారని అర్థం. అంతకుముందు చూసుకున్నవాళ్లు వేసి వదిలేసిన పాత ఏజెంట్, మీ కొత్త ఏజెంట్, రెండూ నడుస్తున్న సిస్టంలు మామూలే. ఒకదాన్ని ఆపి, మిగిలినదానికి వ్యవధి నిమిషానికి పెంచి చూడండి.

3. టైము ఎవరిది, సగటు ఎంతసేపటిది

క్లౌడ్ మానిటరింగ్ డాష్‌బోర్డులు చాలావరకు యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక టైము) చూపిస్తాయి. మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు. రాత్రి 3:30కి లోడ్ పెరిగిందని గ్రాఫ్ చెబితే దొంగతనంగా ఎవరో చొరబడ్డారని టెన్షన్ పడనక్కర్లేదు. అది మన పొద్దున 9 గంటలు, ఆఫీసు తెరిచి అన్ని సిస్టంలూ ఒకేసారి ఆన్ చేసే సమయం. డాష్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్‌ను కోల్‌కతాకు మార్చుకోండి. అవతలి సిస్టంలో గడియారం సరిగ్గా ఉందో లేదో కూడా చూడండి. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన సిస్టంలో కరెంటు తీసి పెట్టినప్పుడల్లా తేదీ వెనక్కు పోతుంది, లాగులన్నీ తప్పు రోజుల్లో పడతాయి.

ఇక సగటు. ఐదు నిమిషాల్లో 30 సెకన్లు ప్రాసెసర్ 100 శాతం, మిగతా సమయం 5 శాతం ఉందనుకుందాం. ఐదు నిమిషాల సగటు 14.5 శాతం. గ్రాఫ్‌లో అది చిన్న గుట్ట కూడా కాదు. రిసెప్షన్‌లో గదుల కోసం క్యూ కట్టిన యాత్రికుల ముందు ఆ 30 సెకన్లు మాత్రం కొండంత. పాత డేటాకు వెళ్లేకొద్దీ ఇది ముదురుతుంది. నెట్ ట్రాఫిక్ గ్రాఫులు గీసే ఎమ్మార్టీజీ లాంటి పాత పనిముట్లలో రోజు గ్రాఫ్ 5 నిమిషాల సగటు, వారం గ్రాఫ్ 30 నిమిషాలది, నెలది 2 గంటలది, ఏడాదిది ఏకంగా ఒక రోజుది. నిన్న 95 చూపించిన శిఖరం వచ్చే నెల చూస్తే 20 దగ్గర ఉంటుంది. కాబట్టి సగటుతోపాటు గరిష్ఠం కూడా దాచుకునే సెట్టింగ్ ఉంటే తప్పకుండా పెట్టండి. ఫిర్యాదు వచ్చిన రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

4. ప్రాసెసర్ శాతం: దేనిలో శాతం?

అన్నిటికంటే ఎక్కువ మోసపోయేది ఇక్కడే కాబట్టి నిదానంగా చూద్దాం.

జూన్‌లో చిత్తూరు వైపు తోతాపురి సీజన్. గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట కాయల ట్రాక్టర్లు, లారీలు వరుసగా నిలబడి ఉంటాయి. కాటా దగ్గర రేకుల గదిలో ఒక పాత సిస్టం, దానికి సీరియల్ కేబుల్‌తో తూకం ఇండికేటర్. "అన్నా, లారీ కాటా మీదే ఉండాది, తూకం పడలేదన్నా, సిస్టం అట్లే నిలబడిపోయింది" అని ఫోన్. రిమోట్‌లో చూస్తే ప్రాసెసర్ 27 శాతం. మెమరీ సగం ఖాళీ. డిస్క్ నిద్రపోతోంది. అంకెలను బట్టి చూస్తే ఏ జబ్బూ లేదు.

ఆ 27ను విప్పి చూడాలి. నాలుగు కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) సిస్టంలో ఒక కోర్ మొత్తం నిండిపోతే మొత్తంలో అది 25 శాతం. తూకం సాఫ్ట్‌వేర్ లాంటివి ఒకే థ్రెడ్ (ఒకసారికి ఒక కోర్ మీదే నడిచే పని వరుస) మీద నడుస్తాయి. మిగతా మూడు కోర్లు ఖాళీగా ఉన్నా దానికి ఉపయోగం లేదు. డీటెయిల్స్ ట్యాబ్‌లో ఆ ప్రోగ్రాం ఒక్కటే 25 దగ్గర కదలకుండా కూర్చుంది. ఇండికేటర్ నుంచి డేటా రాకపోవడంతో పోర్టును ఊపిరాడకుండా అడుగుతూ ఒకే చోట గిరగిరా తిరుగుతోంది. వెనక సీరియల్ కేబుల్ ఊడదీసి మళ్లీ స్క్రూలు బిగించి పెట్టమంటే తూకం పడింది, 25 కాస్తా 1కి దిగింది.

కాబట్టి మొదట లాజికల్ ప్రాసెసర్లు (విండోస్‌కు కోర్లుగా కనిపించేవి) ఎన్నో చూడండి. 100ను ఆ సంఖ్యతో భాగించండి. నాలుగు ఉంటే 25, ఎనిమిది ఉంటే 12.5, పన్నెండు ఉంటే 8.3. ఏదైనా ప్రోగ్రాం ఆ అంకె దగ్గర ఎగుడుదిగుడు లేకుండా గీత గీసినట్టు నిలబడితే అది నిండిపోయిన కోర్ అని అనుమానించండి. కోర్ల వారీ గ్రాఫ్ చూసి ఒక్కటీ 100 లేదుగా అని వదిలేయకండి. విండోస్ ఆ థ్రెడ్‌ను ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు మారుస్తూ ఉంటుంది కాబట్టి బరువు అందరికీ పంచినట్టు కనిపిస్తుంది.

పనిముట్టు మారితే లెక్కా మారుతుంది. టాస్క్ మేనేజర్‌లో ఒక ప్రోగ్రాం శాతం మొత్తం కోర్లను 100గా తీసుకున్నది. పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో అదే ప్రోగ్రాం ప్రాసెస్ కౌంటర్ ఒక్కో కోర్‌ను 100గా తీసుకుంటుంది. నాలుగు కోర్లు ఉంటే 400 దాకా పోవచ్చు. లినక్స్‌లో టాప్ కమాండ్ కూడా మామూలుగా ఇలాగే చూపిస్తుంది. ఒకరు 25 అంటే ఇంకొకరు 100 అంటారు, మాట్లాడుతున్నది ఒకే సంగతి.

హైపర్ థ్రెడింగ్ ఉన్న ప్రాసెసర్లలో ఇంకో మెలిక. నాలుగు అసలు కోర్లు ఎనిమిదిగా కనిపిస్తాయి. 50 శాతం చూసి ఇంకా సగం మిగిలిందనుకుంటాం. కానీ రెండేసి లాజికల్ ప్రాసెసర్లు పంచుకునేది ఒకే కోర్ లోపలి సరంజామాను. మిగిలిన ఆ సగంలో దొరికే అదనపు బలం సగానికి చాలా తక్కువ.

స్పీడు సంగతి. విండోస్ 8 నుంచి టాస్క్ మేనేజర్ చూపించే శాతం చాలాకాలం ప్రాసెసర్ యుటిలిటీ అనే లెక్క మీద నడిచింది. బేస్ స్పీడుతో (కంపెనీ చెప్పిన మామూలు స్పీడు) పోల్చి ఎంత పని జరిగిందో చెప్పే లెక్క అది. బేస్ 2.4 గిగాహెర్ట్జ్ ఉన్న ప్రాసెసర్ టర్బోలో (అవసరానికి పెంచుకునే స్పీడు) 3.6 మీద నడుస్తుంటే, మూడింట రెండు వంతుల సమయమే బిజీగా ఉన్నా 100 చూపిస్తుంది. దీనికంటే ప్రమాదం రెండోది. వేడెక్కి 1.2కు పడిపోయిన ప్రాసెసర్ క్షణం తీరిక లేకుండా పనిచేస్తున్నా, ఈ లెక్కలో 50 దగ్గరే ఆగుతుంది. సగం ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఊపిరి సలపడం లేదు. 2025లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్‌తో టాస్క్ మేనేజర్ మామూలు ప్రాసెసర్ టైమ్ లెక్కకు మారింది. పాత లెక్క కావాలంటే డీటెయిల్స్ ట్యాబ్‌లో సీపీయూ యుటిలిటీ అనే కాలమ్ తెచ్చుకోవాలి. అంటే అప్‌డేట్ అయిన సిస్టం, కానిది పక్కపక్కన పెట్టి శాతాలు పోల్చడం దండగ.

తిరుపతి, చిత్తూరు ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీ లేని గదిలో, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో ఉన్న సిస్టం వేడికి స్పీడు తగ్గించుకోవడం ఇక్కడ రోజూ జరిగే ముచ్చట. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో శాతం పక్కనే ఉండే స్పీడు, దాని కింద బేస్ స్పీడు, రెండూ చదవండి. పని ఒత్తిడి ఉన్నప్పుడు కూడా స్పీడు బేస్ కంటే బాగా కింద ఉంటే వేడి గానీ, పవర్ సేవర్ మోడ్ గానీ, ల్యాప్‌టాప్ అయితే సరిపోని చార్జర్ గానీ కారణం. కొత్త సాఫ్ట్‌వేర్ వేసినా, విండోస్ మళ్లీ ఎక్కించినా అది పోదు.

5. మెమరీ

ర్యామ్ 80 శాతం వాడకం చూసి ర్యామ్ కొనిపించేవాళ్లు చాలామంది. ఖాళీ ర్యామ్‌ను విండోస్ ఊరికే ఉంచదు. మళ్లీ కావాల్సి వస్తాయనుకున్న ఫైళ్లను అందులో దాచిపెడుతుంది, ఎవరైనా అడిగితే వెంటనే ఇచ్చేస్తుంది. అందుకే ఫ్రీ అనే అంకెను వదిలేసి అవైలబుల్ చూడండి. తర్వాత కమిటెడ్ అని రెండు అంకెలు గీతకు అటూ ఇటూ ఉంటాయి: ప్రోగ్రాములకు మాటిచ్చిన మెమరీ, ఇవ్వగల గరిష్ఠం. మొదటిది రెండోదానికి దగ్గరపడుతుంటే నిజంగానే ఇరుకు. రిసోర్స్ మానిటర్‌లో హార్డ్ ఫాల్ట్స్ (కావాల్సింది ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తేవాల్సి వచ్చిన లెక్క) కూడా చూడండి. ప్రోగ్రాం తెరిచేటప్పుడు అది ఎగరడం సహజం. ఆగకుండా వందల్లో ఉండి, డిస్క్ కూడా బిజీగా ఉంటేనే ర్యామ్ మాట ఎత్తండి.

16 జీబీ ర్యామ్‌లో సగం ఖాళీగా ఉండగా ఏదో పాత సాఫ్ట్‌వేర్ మెమరీ చాల్లేదని మూసుకుపోతోందా? అది 32 బిట్ ప్రోగ్రాం అయి ఉండొచ్చు. అలాంటిదానికి మామూలుగా 2 జీబీ హద్దు. 64 జీబీ వేసినా దానికి ఒరిగేదేమీ లేదు.

6. డిస్క్ 100 శాతం

ఈ 100కు హార్డ్ డిస్క్ దగ్గర ఒక అర్థం, ఎస్సెస్డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) దగ్గర ఇంకో అర్థం. యాక్టివ్ టైమ్ అంటే డిస్క్ చేతిలో కనీసం ఒక పనైనా ఉన్న సమయం, అంతే. హార్డ్ డిస్క్‌కు ఉండే తల ఒక దగ్గరి నుంచి ఇంకో దగ్గరికి తిరగాలి. 7200 ఆర్పీఎం డిస్క్‌లో ఒక చుట్టుకే 8.3 మిల్లీ సెకన్లు పడుతుంది. చిన్న చిన్న ముక్కలు అక్కడక్కడా చదవమంటే సెకనుకు అర ఎంబీ కూడా ఇవ్వలేక 100 శాతం దగ్గర ఊగుతుంది. స్పీడు అర ఎంబీయే కదా, దీనికి 100 ఎందుకు చూపిస్తోంది, డిస్క్ పోయిందేమో అనుకోనక్కర్లేదు. అది దాని శక్తి అంతే. ఎస్సెస్డీ మార్చదగ్గ సందర్భం కూడా ఇదే. ఎన్వీఎంఈ అనే వేగమైన ఎస్సెస్డీ అయితే ఒకేసారి చాలా పనులు చేయగలదు. అక్కడ 100 ఉన్నా ఇంకా ఎంతో చోటు మిగిలి ఉండొచ్చు.

రెండిటికీ పనికొచ్చే అంకె సగటు రెస్పాన్స్ టైమ్. హార్డ్ డిస్క్‌లో 10, 20 మిల్లీ సెకన్లు మామూలు. ఎస్సెస్డీలో ఒకటి రెండు లోపే ఉండాలి. వందల్లో ఉండి దిగకపోతే అప్పుడు డిస్క్ ఆరోగ్యం చూడాలి.

అక్కడ ఇంకో ఉచ్చు. స్మార్ట్ రిపోర్టులో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) సీగేట్ డిస్కుల రీడ్ ఎర్రర్ రేట్ కోట్లలో కనిపిస్తుంది. చూసి గుండె ఆగినంత పనవుతుంది. ఆ రా (ముడి) విలువలో మొత్తం ఆపరేషన్ల లెక్క కూడా కలిసి ఉంటుంది కాబట్టి అది మామూలే. మీరు చూడాల్సినవి 5, 197, 198 నంబర్లవి: మార్చేసిన సెక్టర్లు, అనుమానంలో ఉన్నవి, చదవలేకపోయినవి. ఇవి సున్నా దాటి పెరుగుతున్నాయంటే బ్యాకప్ ఆ రోజే తీయించండి. 199 (కేబుల్ మీద డేటా చెడిన లెక్క) పెరుగుతుంటే డిస్క్ కంటే ముందు సాటా కేబుల్ మార్చి చూడాలి.

ఆఫీసులో డేటా సర్వర్ సిస్టంలో ఉండి, మిగతావాళ్లు నెట్‌వర్క్ మీదుగా వాడుతుంటే క్లయింట్ సిస్టం డిస్క్ రీడింగ్ ఎంత బాగున్నా దానికి విలువ లేదు. సర్వర్‌లో చూడండి.

7. నెట్: పింగ్ బాగుంటే అన్నీ బాగున్నట్టా?

ముందు ఎక్కడి నుంచి కొలుస్తున్నారో చూసుకోండి. మీరు రిమోట్ స్క్రీన్‌లో టైప్ చేసిన అక్షరం ఆలస్యంగా పడిందంటే మీ ఇంటి వైఫై నుంచి వాళ్ల రూటర్ దాకా ఎక్కడైనా ఆలస్యం కావచ్చు. అక్కడ కూర్చున్న మనిషినే అదే పని చేయమని ఫోన్‌లో వినండి. స్పీడ్ టెస్ట్ కూడా అంతే. రిమోట్ స్క్రీన్ తెరిచి నడిపితే ఆ బొమ్మలు మీకు పంపడానికే అప్‌లోడ్‌లో కొంత పోతుంది. పైగా టెస్ట్ సర్వర్ నెట్ కంపెనీ సొంత నెట్‌వర్క్‌లోనే ఉంటే ఫలితం ఎప్పుడూ అందంగానే వస్తుంది.

ట్రేస్ రూట్ లేదా ఎంటీఆర్ (నెట్ దారిలోని ఒక్కో రూటర్‌ను వరసగా చూపే పనిముట్లు) చూసేటప్పుడు మధ్యలో ఒక రూటర్ దగ్గర 60 శాతం ప్యాకెట్లు పోయినట్టు కనబడితే, దాని తర్వాతి వరుసలు చూడండి. చివరి గమ్యం దగ్గర లాస్ సున్నా అయితే ఆ 60కి అర్థం లేదు. రూటర్లు తమ మీదుగా పోయే ట్రాఫిక్‌కు ముందు దారిస్తాయి, తమనే అడిగే పింగులకు (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే చిన్న పలకరింపులు) తీరిక దొరికితేనే జవాబిస్తాయి. లాస్ ఒక దగ్గర మొదలై చివరిదాకా కొనసాగితేనే ఫిర్యాదు పెట్టండి. ఈ ఒక్కటి తెలియక కస్టమర్ కేర్‌తో గంటలు వాదించేవాళ్లున్నారు.

ఖాళీ లైన్ మీద పింగ్ 8 మిల్లీ సెకన్లు వచ్చిందని మురిసిపోవద్దు. లాడ్జీల్లో సీసీ కెమెరాల రికార్డింగ్ క్లౌడ్‌కు ఎక్కుతూ అప్‌లోడ్ మొత్తం నింపేస్తుంది. అప్పుడు రూటర్ లోపల ప్యాకెట్లు క్యూలో నిలబడి, అదే పింగ్ వందల్లోకి పోతుంది. ఒక్క ప్యాకెట్ కూడా పోదు కాబట్టి లాస్ గ్రాఫ్ పచ్చగానే ఉంటుంది. ఏదైనా పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టి, అది నడుస్తుండగా పింగ్ చూడండి. తేడా అప్పుడే బయటపడుతుంది.

బిట్లు, బైట్లు కలిపేయకండి. 100 ఎంబీపీఎస్ లైన్‌లో డౌన్‌లోడ్ సెకనుకు 12.5 ఎంబీ దాటదు. లోపలి నెట్‌వర్క్‌లో గిగాబిట్ కార్డ్ 100 అని చూపిస్తుంటే కేబుల్‌ను అనుమానించండి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. ఎలుక ఒక జత కొరికినా లింక్ లైట్ వెలుగుతూనే ఉంటుంది.

స్విచ్‌ల నుంచి ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలను అంకెలు అడిగే పద్ధతి) ద్వారా ట్రాఫిక్ తీసుకునేవాళ్లు కౌంటర్ 32 బిట్లదా, 64 బిట్లదా అని చూడాలి. 32 బిట్ల కౌంటర్ సుమారు 429 కోట్ల బైట్ల దగ్గర నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 100 ఎంబీపీఎస్ నిండుగా పారితే 5.7 నిమిషాల్లో, గిగాబిట్ అయితే 34 సెకన్లలో అది ఒక చుట్టు తిరిగేస్తుంది. గిగాబిట్ లైన్‌ను మీరు ఐదు నిమిషాలకొకసారి చదువుతుంటే మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో ఎవరికీ తెలియదు. ట్రాఫిక్ పెరిగేకొద్దీ గ్రాఫ్ తగ్గడం అనే వింత ఇలాగే పుడుతుంది.

8. సెన్సర్లు, యూపీఎస్

ఒక సెన్సర్ 127 డిగ్రీలు చూపిస్తూ పగలూ రాత్రీ అక్కడే ఉందంటే మదర్‌బోర్డులో ఆ చోట సెన్సరే బిగించలేదని అర్థం. నిజమైన వేడి పనిని బట్టి ఎక్కి దిగుతుంది. 2017లో వచ్చిన రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ లాంటి వాటిలో కంపెనీయే ఫ్యాన్ కోసం 20 డిగ్రీలు కలిపి చూపించింది. టీడై అని విడిగా ఉంటే అసలు వేడి అది. యూపీఎస్ సాఫ్ట్‌వేర్ చెప్పే 20 నిమిషాల బ్యాకప్ కేవలం అంచనా. బ్యాటరీ ముసలిదైతే అంచనా అలాగే ఉంటుంది, సిస్టం రెండు నిమిషాల్లో ఆగుతుంది. అక్కడ మనిషి ఉన్నప్పుడు, పని సేవ్ చేయించి, గోడ స్విచ్ ఆపి కొలవడం తప్ప దారి లేదు.

9. "డౌన్" అని వస్తే

మానిటర్‌కు జవాబు రాలేదు. అంతవరకే అది నిజం. కరెంటు పోయి ఉండొచ్చు, సిస్టం స్లీప్‌లోకి పోయి ఉండొచ్చు, రూటర్ మార్చాక విండోస్ ఆ నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా గుర్తించి ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపి ఉండొచ్చు. ఒకే ఆఫీసులోని సిస్టంలన్నీ ఒకే నిమిషంలో పోతే కరెంటు గానీ నెట్ గానీ. ఒక్కటే పోతే ఆ సిస్టం సంగతి. కరెంటు పోయిన గంటను కొన్ని గ్రాఫులు రెండు చివరలూ కలుపుతూ గీత గీసి దాచేస్తాయి, కొన్ని సున్నా అని రాస్తాయి. డేటా లేని చోట ఖాళీ వదిలే సెట్టింగ్ వెతికి పెట్టండి. నెలాఖరు సగటులో ఆ సున్నాలు కలిస్తే సిస్టం పని లేకుండా ఉన్నట్టు కనిపిస్తుంది.

10. లినక్స్ సర్వర్ ఉంటే

లోడ్ యావరేజ్‌లో కనిపించే మూడు అంకెలు నడుస్తున్న, ఎదురుచూస్తున్న పనుల సంఖ్యకు 1, 5, 15 నిమిషాల సగటులు. లినక్స్‌లో ఇందులో ప్రాసెసర్ కోసం ఎదురుచూసేవే కాదు, డిస్క్ దగ్గర ఇరుక్కుపోయినవి కూడా కలుస్తాయి. ఎన్‌ఎఫ్ఎస్ షేర్ (వేరే సిస్టంలోని నెట్‌వర్క్ ఫోల్డర్) ఒకటి తెగిపోతే ప్రాసెసర్ ఖాళీగా ఉండగానే లోడ్ 40కి ఎక్కగలదు. ఫ్రీ కమాండ్‌లో కూడా అవైలబుల్ కాలమే చూడాలి. ఐఓ వెయిట్ (డిస్క్ పని కోసం ప్రాసెసర్ ఖాళీగా ఆగిన సమయం) తగ్గిందంటే డిస్క్ బాగుపడిందని అనుకోకండి. ప్రాసెసర్‌కు వేరే పని దొరికితే ఆ అంకె దానంతట అదే తగ్గుతుంది, డిస్క్ క్యూ అలాగే ఉంటుంది. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న సర్వర్ అయితే స్టీల్ అనే అంకె చూడండి. అది పెరిగితే మీకు రావాల్సిన ప్రాసెసర్ సమయం అదే మెషీన్ మీది వేరేవాళ్లకు పోతోంది. మీ వైపు ఎంత సర్దినా తగ్గదు.

11. బాగున్న రోజు అంకెలు దాచుకోండి

ఇది నిజానికి మొదటి మెట్టు కావాలి, కానీ ఎవరూ ముందు చేయరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఏ గొడవా లేని మామూలు మంగళవారం ఒక రోజు రికార్డు, రద్దీ ఉన్న రోజు ఇంకొకటి తీసి పెట్టుకోండి. లాడ్జీ అయితే శని, ఆదివారాలు, బ్రహ్మోత్సవాలు. గుజ్జు ఫ్యాక్టరీ అయితే సీజన్ మధ్యలో ఒక రోజు. ఆ సిస్టంకు 60 శాతం మామూలా, జబ్బా అన్నది దాని పాత రికార్డుతో పోలిస్తేనే తెలుస్తుంది. అలర్ట్‌లు కూడా 90 దాటగానే మోగేలా పెట్టొద్దు. ఐదు నిమిషాలు వరసగా 90 పైన ఉంటే మోగమనండి. లేదంటే వారానికే ఆ శబ్దాలు చెవికెక్కడం మానేస్తాయి.

12. బయలుదేరాల్సినప్పుడు

కొన్నిటిని రిమోట్‌లో ఎంత తవ్వినా లాభం లేదు. బేస్ కంటే కిందికి పడి లేవని స్పీడు, 199లో పెరుగుతున్న లెక్క, 100 దగ్గర ఆగిన గిగాబిట్ లింక్, తరచూ వెనక్కు పోయే గడియారం, ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని మళ్లీ మళ్లీ వచ్చే ఎర్రర్. చివరిది సిస్టం సరిగ్గా ఆగకుండా పోయిందని మాత్రమే చెబుతుంది, ఎందుకో చెప్పదు. కరెంటో, ఎస్‌ఎంపీఎస్సో (సిస్టం లోపలి పవర్ సప్లై) అక్కడికి పోయే తేల్చాలి. బస్సెక్కే ముందు సంచిలో ఒక బ్లోయర్, థర్మల్ పేస్ట్, సాటా కేబుల్, రెండు ప్యాచ్ కార్డులు, మదర్‌బోర్డుకు సీఆర్ 2032 బ్యాటరీ, పనిచేస్తుందని తెలిసిన ఒక ఎస్‌ఎంపీఎస్ పెట్టుకోండి. కాటా గదిలాంటి చోటైతే సీరియల్ కేబుల్ ఒకటి అదనంగా వేసుకోండి, అక్కడి షాపుల్లో అది అన్నిసార్లూ దొరకదు.